మాస్టారికి మిగిలిన ఒక్క మాట

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, గోడవారన కత్తిరింపుల బల్ల, మెడలో టేపు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా కబుర్లు చెప్పగల మనిషి. భర్త బళ్లో సైన్సు మాస్టారు. ఇద్దరిలో ఎవరు పెద్ద వాగుడుకాయో తేల్చడం బ్రహ్మతరం కాదని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు.

అలాంటి మాస్టారికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా దారికొచ్చాయి గాని మాట పడిపోయింది. దాహమేసి నోరు తెరిచేవారు, మాట కోసం వెతుక్కునేవారు, చివరికి గడగడా ఒక్కటే అనేవారు.

"కిరణజన్యసంయోగక్రియ!"

ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. మొదటిసారి టైలరమ్మకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపు ముంచుకొచ్చింది.

మాట నేర్పడానికి ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చేది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ఏళ్ల తరబడి పాఠం చెప్పీ చెప్పీ నోటికి పట్టేసిన మాటమ్మా అది. నోరు పలుకుతోంది, అంతే. ఆయన తనంతట తాను ఏదైనా అంటే, అప్పుడు ఆశ పెట్టుకోవచ్చు."

అంటే తనతో ఉన్నది మాస్టారా, మాస్టారి నోరా? ఆ ప్రశ్న టైలరమ్మకు కంటి మీద కునుకు లేకుండా చేసింది.

అయినా చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదావిడ. కొలతలు అంతుపట్టకపోతే ఆది చొక్కా కుట్లు విప్పేసి, ముక్కలు బల్లమీద పరిచి చూడడం ఆమె పద్ధతి. ఈ మాటనీ అలాగే విప్పింది. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని "కిరణ" అని ఆగేది. ఆయన "జన్య" అనేవారు. "సంయోగ" అంటే "క్రియ" అనేవారు. అలా "క్రియ" ఊడి చేతికొచ్చింది. దాన్ని "శ్వాస"కు అతికిస్తే శ్వాసక్రియ, "జీర్ణ"కు అతికిస్తే జీర్ణక్రియ. రెండూ పలికించింది.

ఇక ఆవిడకు పిచ్చి పట్టుకుంది. ఇంట్లో తిరిగే ప్రతి మాటనూ తిరగేసి చూడసాగింది. వేడీ నీళ్లూ కలిసి వేన్నీళ్లు. మరి మధ్యలో 'డి' ఎటు పోయింది? కన్నూ నీరూ కలిసి కన్నీరు. అందులో ఏ 'న' ఎవరిదో పోల్చుకోండి చూద్దాం! నీటికీ ఎండకీ అతుకు వేస్తే నీరెండ. ఎంత సన్నటి కుట్టు! ఎవరు వేశారో తెలీదు, ఇన్ని నోళ్లలో నలిగినా ఒక్క పోగు లేవలేదు. పుట్టినప్పటినుంచి ఇంత పనితనం నాలుక మీద పెట్టుకుని పక్కింటి ఊసులు చెప్పుకున్నానే అనుకుంటే ఆమెకు ఒళ్లు జలదరించింది.

"మంచిదేనమ్మా," అంది ఆ అమ్మాయి. "కానీ ఇవన్నీ పాత పాఠాలే. మీరు అందిస్తే అంటున్నారు."

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి ఉండగానే టైలరమ్మ చొక్కాకు కాలరు వేస్తోంది. మాస్టారు ఆమె చేతులకేసే చూస్తున్నారు. నోరు తెరిచారు. మళ్లీ ఆ పెద్ద మాటే అనుకున్నారు ఇద్దరూ.

"కుట్టు..." నుదుటిమీద చెమట పట్టింది. "కుట్టు... క్రియ."

ఆ అమ్మాయి పకపకా నవ్వి, ఠక్కున ఆగిపోయింది. "ఇది మీరు నేర్పారా?"

"లేదు తల్లీ. అసలు అలాంటి మాటే లేదు."

"మరి ఎవరూ అనని మాట అలవాటుగా ఎలా వస్తుందమ్మా?"

టైలరమ్మ మిషను మీంచి కాలు తియ్యడం మర్చిపోయింది. కుట్టు కాలరు దాటి వీపుదాకా పోయింది. లోపల ఎక్కడో కూర్చుని మాస్టారు రెండు ముక్కలు ఏరుకుని, సరిచూసుకుని, అతికించి బయటికి పంపారు. ఆయన ఉన్నారు. మనిషి మొత్తంగా ఉన్నారు. ఆ సంగతి తెలిశాక ఆమెకు ఏడుపు ఆగలేదు.

"ఏవండీ, ఇంకోటి అనండి," అంది వెక్కుతూ.

మాస్టారు ఆమె మొహంలోకి చాలాసేపు చూశారు.

"ఏడుపుక్రియ," అన్నారు. తర్వాత, ఏ ముక్కా అతికించకుండా, "వద్దు."