ఒక్కసారి వాడే పేజీ

చలికాలం పొద్దున్నే మా గురుగ్రామ్ సొసైటీ గేటు దగ్గర గార్డు భయ్యా ఇనప తట్టలో అట్టముక్కలు కాల్చుకుంటాడు. ఆ పొగ తొమ్మిది అంతస్తులూ ఎక్కి మా బాల్కనీకి వచ్చేస్తుంది. మా లిఫ్టు ఏనాడూ అంత తొందరగా వచ్చింది లేదు. మా ఆవిడ దగ్గుతూ తలుపులు మూస్తుంది. నేను మాత్రం ముక్కు ఎగబీల్చి నిలబడిపోతాను. కాలిన కాగితం వాసన తగిలితే నాకు కామేశ్వరరావుగారు గుర్తొస్తారు.

పాతికేళ్ళ కిందట, దేశ రాజధానిలో అశోకా రోడ్డుకు దగ్గర్లో, పేరు చెప్పకూడని ఒక ప్రభుత్వ కార్యాలయంలో రహస్య సందేశాల విభాగానికి ఆయన అధికారి. విభాగమంటే కిటికీ లేని గది, ఏనుగంత బీరువా, ఆయన, నేను. అమలాపురం మనిషి. ఆయన మెల్లగా "టీ" అంటే కింది అంతస్తులో కప్పులు కడగడం మొదలుపెట్టేవారు. అంతటి గొంతున్న మనిషిని ఏరికోరి రహస్యాల గదిలో వేసిన మహానుభావుడెవరో ఇప్పటికీ తెలియదు.

మొదటి రోజే ఆయన నా ముందు రెండు చిన్న పుస్తకాలు పెట్టారు. రెండింట్లోనూ ఏ పేజీకి ఆ పేజీ అవే అంకెలు, తలాతోకా లేనివి. ఒక పుస్తకం మా దగ్గర ఉంటుంది, దాని జత వేరే ఊళ్ళోని కార్యాలయంలో ఉంటుంది. చెప్పదలచిన మాటను ఒక పట్టిక చూసి అంకెల్లోకి మార్చాలి. వాటికి పేజీలోని అంకెలు కలిపి పంపాలి. అవతలివాడు అదే పేజీ తెరిచి, ఆ అంకెలు తీసేస్తే మాట బయటపడుతుంది. ఆ వెంటనే ఇక్కడా అక్కడా ఆ పేజీ కాల్చేయాలి.

"దీన్ని ఎవరూ విప్పలేరా సార్?" అన్నాను.

"దేవుడు కూడా విప్పలేడయ్యా. పేజీ లేకపోతే ఆ అంకెల్లో అన్ని మాటలూ ఉంటాయి. నీకేది కావాలంటే అది చదువుకోవచ్చు."

"మరి ప్రపంచమంతా ఇదే వాడుకోవచ్చు గదండీ?"

"ఎవడు మోస్తాడు? ఎంత మాటకి అంత పేజీ కావాలి. దాన్ని ముందుగానే ఒక మనిషి చేతికిచ్చి పంపాలి. తాళం దివ్యంగా ఉంటుంది. తాళంచెవి రైలెక్కి రావాలి. అదీ మన రైలు."

ఆ మాట పొగమంచు విన్నట్టుంది. ఆ జనవరిలోనే కొత్త పుస్తకాలు తెచ్చే మనిషి రెండు రోజులపాటు దారిలో ఇరుక్కుపోయాడు. మా దగ్గర ఒకే ఒక్క పేజీ మిగిలింది. సార్ కూతురి స్కూలుకు వెళ్ళారు. ఆ గంటలోనే "అత్యవసరం" అని ఎర్ర సిరా పూసుకుని రెండు సందేశాలు వచ్చాయి. ఒకటి ఎవరో పెద్దాయన పర్యటన గురించి, రెండోది కుర్చీల గురించి. కుర్చీలకు అంత అత్యవసరం ఏమొచ్చిందో కుర్చీలకే తెలియాలి. నేను రెండింటినీ ఆ ఒక్క పేజీతోనే పంపేశాను.

ఆయన తిరిగొచ్చి బూడిద గిన్నెలోకి చూశారు.

"సందేశాలు రెండు వెళ్ళాయి. బూడిద ఒకదానిదే ఉందేమిటయ్యా?"

చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఒకే పేజీతో రెండు పంపితే, ఒకదాన్లోంచి ఒకటి తీసేసినవాడికి పేజీ అడ్డం తొలగిపోతుంది. ఇక మిగిలేవి మన మాటలే. ఒక్కసారంటే ఒక్కసారేనయ్యా."

విచారణ జరిగింది. అధికారులు అడిగితే ఆయన, "నేనే వాడమన్నాను" అన్నారు. అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా వినడం అదే మొదలు. ఆయన పక్కనే నిలబడి నేను నోరు విప్పలేదు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సంతకానికి సిద్ధంగా ఉన్న ఆయన ప్రమోషను ఆగిపోయింది. మరి రానేలేదు. ఏ కుర్చీలో కూలబడ్డారో ఆ కుర్చీలోంచే రిటైరయ్యారు. ఆ విషయం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నేను ప్రభుత్వోద్యోగం వదిలి గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీకి మారినప్పుడు, ఆయన తన చేత్తో చేసిన పుస్తకాల జత తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టారు. స్టీలు డబ్బాలో పది తంబోలా బిళ్ళలు వేసి, గిలకరించి, ఒక్కోటీ తీసి చూసి మళ్ళీ లోపలేస్తూ, కార్బన్ పేపరు పెట్టి రాశారట. నెలల పని.

"తోచిన అంకెలు రాసేస్తే సరిపోయేదిగా సార్?"

"మనసులోంచి అంకెలు తీయకు. దానికి ఇష్టమైనవి కొన్నుంటాయి, మళ్ళీ మళ్ళీ అవే ఇస్తుంది. ఇంకోటి. మనలో ఒకడు పోయిన రోజున రెండోవాడు పుస్తకం కాల్చేయాలి. ఆ రోజే. మర్నాడు కాదు."

"మన గుట్లు ఎవరిక్కావాలండీ?"

"ఎవరికీ అక్కర్లేదు. రూలు రూలే."

అలా మాకు గంట దూరంలోని ద్వారకా కాలనీ నుంచి ఆయన, ఇటునుంచి నేను, నెలకో పోస్టుకార్డు. తెలుగు అక్షరానికి మూడంకెల గుంపు ఒకటి. ఒకసారి మధ్యాహ్నమంతా కుస్తీపడి విప్పితే "ఆవకాయ పంపు" అని తేలింది. మా ఆవిడ జాడీ కట్టిస్తూ, "ఫోనులో అడిగుంటే ఈపాటికి తినేసేవారు" అంది.

నిరుడు ఆయన గొంతుకు ఆపరేషనైంది. ఆ గొంతు పూర్తిగా పోయింది. చూడటానికి వెళ్తే పలక మీద "టీ తాగు" అని రాసి చూపించారు. కింది అంతస్తులో ఎవరికీ వినపడలేదు. ఆయన ఎదుట కూర్చుని అడగలేనిది ఇంటికొచ్చి కార్డు మీద అంకెల్లో అడిగాను: నా మీద కోపం ఉందా?

జవాబు కోసం చూస్తుండగా ఆయన కూతురు వాణి ఫోన్ చేసింది. పొద్దున్నే పోయారు.

దహనం అయ్యాక మధ్యాహ్నం ఇంటికొచ్చి, బాల్కనీలో పూలకుండీ కింది పళ్ళెంలో పుస్తకం కాల్చేశాను. ఆయన చెప్పినట్టే, ఆ రోజే. జన్మకో రూలైనా సాంతం పాటించానని ఏడుస్తూనే కాస్త గర్వపడ్డాను కూడా.

నాలుగో రోజున కార్డు వచ్చింది. పోయే ముందురోజు పోస్టు చేశారు. ద్వారకా నుంచి మా ఇంటికి తాబేలు బయల్దేరినా అంతకన్నా ముందే చేరుండేది. కార్డు నిండా చూస్తే ఆరంటే ఆరు గుంపుల అంకెలు.

వెంటనే వాణికి ఫోన్ చేశాను. ఆయన పుస్తకం ఉందా అని అడిగాను.

"ఉంది అంకుల్. లేకిన్ వో పేజ్ తో పాపా నే ఉసీ వక్త్ జలా దియా. కార్డ్ రాయగానే కాల్చేశారు, స్టీల్ గిన్నెలో. ఎప్పట్లాగే." మళ్ళీ తనే, "కుఛ్ జరూరీ థా క్యా? ముఖ్యమైన విషయమా?" అంది.

అప్పుడైనా చెప్పవలసింది. మీ నాన్న ప్రమోషను నావల్ల పోయిందమ్మా అనవలసింది. "ఏం లేదమ్మా, ఆవకాయ గురించి" అన్నాను.

"నాకు కోపం లేదు" అన్నా ఆరక్షరాలే. "నాకు కోపం ఉంది" అన్నా ఆరే. ఆ మాటకొస్తే "ఆవకాయ పంపు" కూడా ఆరే. ఒక ఆదివారం కూర్చుని, కార్డులోని అంకెల్లోంచి నాక్కావలసిన మాట అంకెలు తీసేసి, ఆ కార్డుకు సరిపోయేలా నేనే ఒక పేజీ తయారుచేశాను. ఐదు నిమిషాల పని. దాంతో విప్పితే "నాకు కోపం లేదు" అని వచ్చింది, ఒక్క అంకె తేడా లేకుండా. చాలాసేపు చదువుకున్నాను. చదువుతూ ఉంటే ఆ పాత గొంతు వినిపించింది, మనసులోంచి అంకెలు తీయకు, దానికి ఇష్టమైనవి కొన్నుంటాయని.

ఆ పేజీనీ అదే పళ్ళెంలో కాల్చేశాను. కార్డు మాత్రం నా పర్సులో ఉంది. ఆరు గుంపులూ కంఠతా వచ్చు. ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలను, అర్థం అడగనంతవరకు.