పిడికెడు పెరుగన్నం

నా పేరు మస్తాన్‌బీ. డెబ్బై దాటాయి. విజయవాడ వన్ టౌన్‌లో కూతురింట్లో ఉంటున్నాను. చదువు రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా జంతువుల ఆసుపత్రి కాంపౌండరు గారు మొన్న శుక్రవారం పోయారు. "బల్ల మీద కుక్కను చంపిన కాంపౌండరే కదా" అని శవం దగ్గరే ఒకడు అన్నాడు. అందుకే ఈ కాగితం. ఆ కుక్కను చంపింది ఆయన కాదు, నేను.

అక్కడ నేను ఆయాను. డాక్టరు గారు ఆపరేషన్ చేస్తుంటే, మత్తులో ఉన్న జంతువును కనిపెట్టుకుని ఉండటం కాంపౌండరు గారి పని. నాలుక పక్కకు లాగి చిగుళ్ల మీద వేలితో నొక్కేవారు. తెల్లబడిన చోట ఎరుపు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూసేవారు. ముక్కు దగ్గర దూదిపోచ పట్టేవారు. నాలుకకు క్లిప్పు పెడితే, ఊపిరి తగ్గగానే కూసే మిషను వచ్చాక కూడా మానలేదు. "మిషనుందిగా, ఇంకా ఎందుకండీ?" అంటే, "మిషను కూశాక చూసేవాడు కాపలాదారు కాదు, ఏడవటానికొచ్చిన చుట్టం" అనేవారు.

నోరు మాత్రం విషం. జంతువు తేరుకుని తల ఎత్తేదాకా తను మంచినీళ్లు ముట్టేవారు కాదు. ఎత్తగానే దాన్నే తిట్టేవారు: "చచ్చావనుకున్నా, ముదనష్టపుదానా!"

ఒకరోజు మంగళగిరి నుంచి చీరలమ్మే ఒకావిడ తన కుక్కను తెచ్చింది. కడుపులో గడ్డ. మత్తుకు ముందు పస్తుంచాలి. లేకపోతే తిన్నది గొంతులోకొచ్చి ఊపిరికి అడ్డం పడుతుంది. ఆయన నాకు వందసార్లు చెప్పిన మాటే. కానీ ఆ కుక్క నా అన్నం డబ్బా వైపు చూసి మూలిగింది. బక్రీదు పొట్టేలునైనా మేము ఆకలి మీద కోయం. పిడికెడు పెరుగన్నం పెట్టాను.

"ఏమన్నా తిన్నదా?" అని కాంపౌండరు గారు అడిగారు.

"లేదండీ."

"నిజం చెప్పు. తింటే రేపు చేద్దాం."

"ఒట్టండీ, తిన్లేదు."

తిడతారని భయపడ్డాను. అంతే.

ఆపరేషన్ సగంలో "ఆపండి డాక్టరు గారూ, నాలుక నల్లబడుతోంది" అని అరిచారు. మిషను ఇంకా కూయనేలేదు. కుక్క కక్కింది. గొంతులో వేళ్లు పెట్టి తోడితే మెతుకులొచ్చాయి. ప్రాణం నిలవలేదు. ఆయన మెతుకులను చూశారు, నన్ను చూశారు.

"నేనేం పెట్టలేదు! మీలో ఎవరు పెట్టారు?" అని ఆ చీరలావిడ మీదికొచ్చింది.

"నేనే పెట్టానమ్మా" అన్నారు కాంపౌండరు గారు.

ఆవిడ చెప్పుతో కొట్టింది. డాక్టరు గారు ఆయన్ను బల్ల దగ్గర్నించి తీసేసి మందుల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. మళ్లీ ఏ జంతువునూ ముట్టనివ్వలేదు.

నేను కాంపౌండరు గారి కాళ్ల మీద పడి నిజం చెప్పేస్తానన్నాను.

"చెప్పి తేలికపడదామనా? నిన్ను గెంటేస్తే మీ ఇంట్లో పొయ్యి వెలగదు. నోరు మూసుకు మొయ్యి" అన్నారు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం నేను డబ్బా తెరవగానే కిటికీ దగ్గర్నించి కేకేసేవారు: "ఏం మస్తాన్‌బీ, ఇవాళ ఎవరికి పెడుతున్నావ్?" సంగతి తెలియక అందరూ నవ్వేవారు. నేను తల దించుకుని తినేదాన్ని. ఆ ఉద్యోగం మీదే ఇద్దరు పిల్లల పెళ్లిళ్లు చేశాను. ఆ తిండి ఆయన పెట్టిందే. ఆ వాత కూడా ఆయన పెట్టిందే.

ఇబ్రహీంపట్నంలో వాళ్లింట్లో శవం దగ్గర ఆ మాట వినగానే, వాకిట్లోనే ఆయన భార్యకు అంతా చెప్పాను. ఆవిడ ఏడవలేదు.

"ఆయన నాక్కూడా చెప్పలేదు. ఇంట్లో మాటా మాటా వచ్చినప్పుడల్లా 'కుక్కను చంపినోడివి, నీకేం దయుంటది' అని నేనూ అన్నాను. నాతో కూడా అనిపించావు కదే!"

"తప్పయిపోయిందమ్మగారూ."

"నోటిమాట నాకొద్దు. రాయించి పట్రా. దినానికి వచ్చిన ప్రతివాడి ముందూ చదివిస్తా."

అందుకే రాయిస్తున్నాను. ఎవరు చదివినా గట్టిగా చదవండి.

ఆ రోజు నా మాట విన్నాక, పాడె ఎత్తటానికొచ్చిన వాళ్లను ఆగమని, ఆవిడ ఆయన చెవి దగ్గరికి వంగింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. నలుగురూ వంగిన నడుములతో అలాగే నిలబడ్డారు. ఆవిడ ఎంతకీ లేవలేదు.

పైదంతా నా మాటే. ఇది నా ఎడమ బొటనవేలి ముద్ర: మస్తాన్‌బీ.

చూసినవాళ్లు: రాసిన మనవరాలు షాహీనా, పక్క మిర్చి గోడౌను గుమస్తా కోటేశ్వరరావు.