మగ్గం మీద పడిన ఎండ

నేను హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆదివారం వస్తే చాలు, జేబులో పట్టే చిన్న డిజిటల్ కెమెరా తీసుకుని పొద్దున్నే రైలెక్కేవాడిని. పెనుకొండలో దిగి, కొండెక్కి, బండల మీద పడే తొలి వెలుగును తీసేవాడిని. అక్కడి నుంచి ధర్మవరం పోయి, అక్క ఇంట్లో భోంచేసి, సాయంత్రానికి తిరిగొచ్చేవాడిని.

"ఫోన్ ఉండాది గదప్పా, మళ్లా ఈ డబ్బా యాల?" అని బావ ఎగతాళి చేసేవాడు. ఫోన్‌తో ఎవడైనా తీస్తాడు, చూడ్డం తెలిసినవాడికే కెమెరా కావాలని నేను గొప్పలు పోయేవాడిని. ఆ గొప్ప నా కొంప కాదు, ఇంకొకరి కొంప ముంచింది.

బావది పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు. ఒకదాని మీద బావ, రెండో దాని మీద ఒక పెద్దాయన. అక్క ఆ ఇంటికి కోడలిగా రాకముందు నుంచే ఆయన అక్కడ నేస్తున్నాడు. నేను మామా అని పిలుస్తాను. ఆ నెల పట్టు ఇచ్చే షావుకారు ఒక కొత్త అంచు డిజైన్ ఇచ్చాడు. అలాంటి చీర షావుకారు చేతికి చేరేదాకా బయటివాళ్ల కంట పడనివ్వరు. మగ్గం దిగితే నేసినంత మేర పాత పంచె కప్పేసి పోతారు. ఆ డిజైన్ తెలిసినవాళ్లు ఆ ఇంట్లో ఇద్దరే, బావా, మామా.

ఆ నెలలోనే ఒక ఆదివారం పెనుకొండలో మబ్బు. కొండ మీద రెండు గంటలు కూర్చున్నా ఒక్క మంచి ఫోటో రాలేదు. చిరాకుగా ధర్మవరం చేరాను. భోజనాలయ్యాక బావ నిద్రపోయాడు, మామ తన ఇంటికి పోయాడు. అప్పుడు ఎండ వచ్చింది. కిటికీ ఊచల గుండా వాలుగా మామ మగ్గం మీద పడింది. పొద్దున్నుంచి ఎదురుచూసిన వెలుగు అది. అడ్డంగా ఆ మాసిన పంచె ఒకటి. ఫోటోకు అందం చెడిపోతోందని దాన్ని తీసి పక్కన పెట్టాను. నాలుగు ఫోటోలు తీసి, మళ్లీ ఉన్నట్టే కప్పాను. ఎవరూ చూడలేదు.

సాయంత్రం రైల్లోనే ఒకటి ఫోన్‌లోకి ఎక్కించి, ఫోటోలు తీసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మెచ్చుకోళ్లే మెచ్చుకోళ్లు. ముఖం తెలియని సభ్యుడొకడు, పెద్ద సైజు పంపండి సార్, ఇంట్లో గోడకు పెట్టుకుంటాను అని అడిగాడు. పొంగిపోయి పంపాను.

మూడు వారాల తర్వాత అక్క ఫోన్ చేసింది. అదే అంచు మరమగ్గం చీర మీద, బజారులో ఒక దుకాణం ముందు వేలాడుతోందట. షావుకారు ఇక ఈ ఇంటికి పట్టు ఇవ్వనన్నాడట. "ముసలాయప్పే ఎవురికో చూపిచ్చినాడంట. మీ బావ రావద్దనేసినాడు. ఇంగ ఆయప్పకు ఈ ఊర్లో ఎవురు మగ్గం ఇస్తారబ్బా?" అంది.

ఫోటో తెరిచి పెద్దది చేసి చూశాను. జరీ పోగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి. మొదట చేసిన పని చెప్పడానికి సిగ్గేస్తుంది: గ్రూపులో ఆ ఫోటో తీసేశాను. నేను నోరు తెరవకపోతే ఎవరికీ తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది. నాలుగు రోజులు ఆ ఆలోచనతోనే తిన్నాను, పడుకున్నాను.

ఆదివారం రైలెక్కాను. పెనుకొండ వచ్చింది, దిగలేదు. అక్క ఇంట్లో రెండో మగ్గం ఖాళీగా ఉంది. బావ అన్నం ముందు కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలుసు.

"బావా, డిజైన్ బయటికి పోయింది నా వల్ల. మామ వల్ల కాదు."

జరిగిందంతా చెప్పాను.

"పంచె నువ్వే తీసినావా?"

"నేనే."

"యాల?"

"ఫోటోలో బాగలేదని."

అక్క ముఖం తిప్పుకుంది. తిడతాడేమో, కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. బావ కంచంలోనే చెయ్యి కడుక్కుని, చొక్కా తొడుక్కుని, "పదప్పా" అన్నాడు.

మామ ఇల్లు రెండు వీధుల అవతల. గడపలో కూర్చుని చిక్కుపడిన నూలు విడదీస్తున్నాడు. నిలబడే అంతా చెప్పాను. బావ తల వంచుకుని, "తప్పయిపోయింది మామా. రేపట్నించీ రా. షావుకారుతో నేను మాట్లాడతా" అన్నాడు.

మామ చేతిలోని నూలు పక్కన పెట్టాడు.

"నీ బామ్మర్ది ఒక్క తూరి చెప్తానే నమ్మినావు. నేను మూడు తూర్లు చెప్పినా, నాకు తెలీదప్పా అని. ఇన్నేండ్లు నీ ఇంట్లో కూసోని నేసినోన్ని. అప్పుడు నమ్మకపోతివే."

మామకు నా మీద కోపం ఉన్నట్టే లేదు. ఎండలో వచ్చానని లోపలికి కేకేసి నీళ్లు తెప్పించాడు. ఆ చెంబు పట్టుకుని తాగలేక అట్లాగే నిలబడ్డాను.

సోమవారం ఆయన రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.