అన్నం మెతుకుతో అంటించిన కథ

1973లో నేను పటాన్‌చెరు సబ్ పోస్టాఫీసులో కౌంటర్ క్లర్కును. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులు. మనియార్డర్లు పంపే కూలీలతో మా వరండా కిక్కిరిసిపోయేది. వాళ్ల మధ్య ఒక బ్రౌన్ కవరు గుండెకు హత్తుకుని నిలబడేది సులోచన. కర్దనూర్‌లో మిషన్ బడి టీచరు. ఇరవై దాటి ఏడాదో రెండేళ్లో. కథలు రాసేది.

వారపత్రిక అడ్రసు ఆమెకు ఇచ్చింది నేనే. చందాదారుల ప్రతులు మా ఆఫీసు మీదుగానే పోయేవి. ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. బట్వాడాకు ముందే వాటి చుట్టుకాగితం జారదీసి చదివేయడం నా పాడు అలవాటు. అలా చదువుతూ ఆఖరి పేజీలోని అడ్రసు ఓ చీటీ మీద రాసిచ్చాను. ఏదో ఘనకార్యం చేసినట్టు ఫోజు కూడా కొట్టాను.

ఆమె కథలను బుక్ పోస్టులో పంపేది. అంటే కొసలు అంటించకుండా, లోపల ఉత్తరం పెట్టకుండా, తక్కువ స్టాంపుతో పోయే టపా. నచ్చకపోతే తిప్పి పంపడానికి సొంత అడ్రసు రాసి, స్టాంపులంటించిన కవరు లోపల పెట్టేది. ఆ కవరు నాలుగుసార్లు తిరిగొచ్చింది. లావుగా కనబడితే చాలు, చింపకముందే ఇద్దరికీ అర్థమైపోయేది.

అయిదోసారి ఆమె కౌంటర్ దగ్గరే చింపింది. కళ్లనిండా నీళ్లు.

"ఇగ రాయ సార్. ఇదే ఆఖరు. దీన్ని పొయ్యిల పెడ్త."

"ఏం కథమ్మా అది?"

"మా నాయినది. పొలం కంపెనీకిచ్చి, అదే కంపెనీ గేటు కాడ వాచ్‌మన్ అయిండు. ఆయన పొలంలకు ఆయననే పోనియ్యరు. బాగలేకుంటే బాగలేదనాలె గద! సూడుండ్రి, సదవనే లేదు."

రెండో కాగితాన్నీ మూడో కాగితాన్నీ మూల దగ్గర అన్నం మెతుకుతో అంటించి పంపిందట. చదివినవాళ్లు విడదీయాలి. అవి అంటుకునే ఉన్నాయి.

నేను కవరు మీది ముద్ర చూశాను. సోమవారం మా దగ్గర బయల్దేరిన టపా పత్రిక ఆఫీసున్న బెజవాడకు బుధవారం చేరుతుంది. తిరుగు కవరు మీద బెజవాడ ముద్ర కూడా బుధవారానిదే. చేరిన రోజే వెనక్కి! బాగాలేదని తేల్చడానికైనా ఇంకొంచెం టైము పడుతుంది. అంటే లోపమేదో పైకే కనబడుతోంది. కాగితాలు అడిగి తీసుకున్నాను. రెండువైపులా, అంచుల దాకా, చీమ దూరే సందు లేకుండా రాసింది.

ఆ రోజే వచ్చిన వారపత్రిక ఆఖరి పేజీ తీశాను. నేను రాసిచ్చిన అడ్రసుకు సరిగ్గా పైన, చిన్న అక్షరాల్లో, రచయితలకు సూచనలు. కాగితానికి ఒకవైపే రాయాలి, మార్జిన్ వదలాలి, లేకుంటే పరిశీలించం. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇది నువ్వెప్పుడు సూడలేదా?"

"యాడ సూస్త సార్? మా పెద్ద టీచరమ్మ బైండింగులు ఇస్తది. అవే సదువుత."

అప్పట్లో చాలా ఇళ్లల్లో పత్రికల నుంచి కథలూ సీరియళ్లూ చింపి, కుట్టించి దాచుకునేవారు. ఆఖరి పేజీ చిత్తుకాగితాల్లో పోయేది. వందల కథలు చదివిన పిల్ల ఒక్క పత్రికను కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. చూసిన నేనేమో సగం చెప్పి ఊరుకున్నాను.

"తప్పు నాదమ్మా. పొయ్యిల పెట్టకు. ఒకదిక్కే రాసి జల్దీ తీస్కరా."

మూడోరోజుకే తెచ్చింది. ముద్ర నేనే వేశాను. ఆ తర్వాత రోజూ సంచి విప్పేటప్పుడు లావు కవరు కనబడకూడదని మొక్కుకునేవాణ్ణి. ఆరో వారం ఒక పోస్టుకార్డు వచ్చింది. కార్డు ఎవరైనా చదివేదే కాబట్టి ఈసారి నాకు పాపం అంటదు. కథ ప్రచురణకు తీసుకున్నారు!

భోజనానికి కౌంటర్ మూయగానే సైకిలెక్కి కర్దనూర్ పోయాను. బడి కిటికీలోంచి కార్డు ఊపాను. సులోచన అది చదివి పిల్లలందరి ముందూ గట్టిగా ఏడ్చేసింది. ఆ వెంటనే నవ్వింది. నా సంతోషమూ ఆమె సంతోషం కంటే తక్కువేం కాదు.

కథ అచ్చయిన వారం ఆమె నాన్న దావీదు ఫ్యాక్టరీ గేటు దగ్గర పత్రిక పట్టుకుని నిలబడి, వచ్చినవాళ్లందరినీ ఆపాడట. "నా బిడ్డ రాసింది, నా పొలం ముచ్చట. సదివినంకనే లోపలికి పో" అన్నాడట. మేనేజరు కారు కూడా ఆగాల్సివచ్చింది.

నాకూ ఒక ప్రతి ఇచ్చింది. వారం తర్వాత వచ్చి దాన్ని అడిగి తీసుకుని, కథ పేజీల మూలలు చూసింది. అక్కడా ఆమె అంటించి ఇచ్చిన మెతుకు చెక్కుచెదరలేదు.

"మీరు సుత సదవలే గద సార్!"

"చందాదారు కంటే ముందే రెండుసార్లు సదివిన తల్లీ" అన్నాను. ఆఫీసంతా గొల్లున నవ్వింది.

ఆ తర్వాత నా సర్వీసులో ఎంతోమంది కుర్రరచయితలు పత్రిక అడ్రసు అడిగారు. ఎవరికీ చీటీ రాసివ్వలేదు. ఆఖరి పేజీ తీసి ముందు పెట్టి, "పైనుంచి సదువు" అనేవాణ్ణి.