దోమతెరలో పూత

"నువ్వు నాకు ఇస్తానన్నది టమాటాలా, ఆకులా?"

తెకాష్ సంతలో పదిమంది వినేలా దోన్ గస్పార్ అడిగిన మాట ఇది. పక్కన ఉల్లిపాయలు అమ్మేవాడు నవ్వాడు. నికనోరా సంచీ చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

గస్పార్‌ది సంత మూల మీద పంది మాంసం కొట్టు. గుంటలో మగ్గిన మాంసం మీద ఆయన వేసే కాల్చిన టమాటా పచ్చడి కోసమే జనం వరస కడతారు. కడుపులో రాళ్లు తీయించుకోవడానికి నికనోరా ఆయన దగ్గర రెండు వేల నాలుగు వందల పెసోలు తీసుకుంది. తాకట్టుగా తన కుట్టుమిషను ఇచ్చింది. ఆడవాళ్లు తొడుక్కునే ఇపిల్ అంగీల మీద పూలు కుట్టి బతికే మనిషి ఆమె. అప్పు తీరితేనే మిషను వస్తుంది, మిషను ఉంటేనే అప్పు తీరుతుంది. ఈ రెంటి మధ్య ఆమెకు కనిపించిన సందు ఒక్కటే, టమాటా. ఎండలు ముదిరితే యుకతాన్‌లో ఎవరి పెరట్లోనూ పూత నిలవదు, అందుకే ధర మండిపోతుంది. కిలోకు యాభై చొప్పున అప్పులో కొట్టేస్తానని గస్పార్ ఒప్పుకున్నాడు.

పెరడు మాత్రం ఆమెది కాదు, అత్త హెర్మెలిందాది. మొగుడు ప్లాయా పట్నంలో ఇంకో కాపురం పెట్టాడు. పుట్టింటి స్థలం తమ్ముళ్లు పంచేసుకున్నారు. చుట్టూ ఉన్న రాతిగోడ అత్తది, తలుపుకున్న గడియా అత్తదే.

అందరిలాగే నికనోరా కూడా కోళ్లకూ చీమలకూ అందకుండా నడుమెత్తున రెండు కర్రల మంచెలు కట్టి, మీద మట్టి పోసి మొక్కలు నాటింది. మార్చిలో మొదటి పూత కనబడగానే హెర్మెలిందా పాత దోమతెర తీసి రెండు మంచెలకూ చుట్టి కుట్టేసింది. వేడి చూపు భయం. ఎండలో నడిచొచ్చినవాడి కళ్లలో వేడి ఉంటుందనీ, అది పసిబిడ్డకు తగిలితే విరేచనాలనీ, పూతకు తగిలితే రాలిపోతుందనీ ఆ ఊళ్లో అందరి నమ్మకం. తలుపుకు గడియ పడింది. ఇరుగుపొరుగు రాకపోకలు ఆగిపోయాయి. నికనోరా సైతం బయటికెళ్లి వస్తే చీకటిగదిలో కూర్చుని, కళ్లు చల్లబడ్డాకే మొక్కల దగ్గరికి పోవాలి. పెద్దల జ్ఞానం గురించి పట్నంలో ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఒక్క వారం ఆ గదిలో కూర్చుంటే బాగుండును. మంచె కట్టమన్నదీ ఆ పెద్దలే, తెర కట్టమన్నదీ వాళ్లే. రెండూ ఒకే నోటితో చెప్పారు.

పూత రాలింది. తొడిమ మధ్య చిన్న కణుపు పసుపెక్కడం, అక్కడికి తెగి పడిపోవడం. పొద్దున చూస్తే తెర అడుగున పసుపు పూలన్నీ ఊడ్చి పోసినట్టు ఉండేవి.

"ఎవరో చూశారు," అంది హెర్మెలిందా.

"ఎవరు చూస్తారత్తా? ఈ పెరట్లో నువ్వూ నేనూ కోళ్లే కదా."

"నువ్వే చూసుంటావు. మొగుడు దగ్గర లేని ఆడదాని కళ్లలో వేడి ఎక్కువ."

"అయితే నీ కొడుక్కి కబురు పెట్టు, వచ్చి చల్లారుస్తాడు."

ముసలావిడ నవ్వు ఆపుకోవడానికి దగ్గింది. మొక్కలు నీరసించాయని ఇంకో బుట్ట కోడిపెంట పోసింది. ఆకులు నల్లటి ఆకుపచ్చగా ఏపుగా పెరిగాయి, పూలు ఇంకా తగ్గాయి. గస్పార్ ఆ ప్రశ్న వేసింది అప్పుడే.

సంత నుంచి వచ్చిన రోజే ఒక కోడి ఎగిరి తెర మూలను చింపింది. ఆ చిరుగులోంచి ఒక కొమ్మ బయటికి పొడుచుకొచ్చింది. చూరు కింద దుంగలో ఉండే కుట్టని తేనెటీగలు దాన్ని పట్టుకున్నాయి. ఒక్కొక్కటి పూవును కావలించుకుని రెక్కలు వణికిస్తుంటే కొమ్మంతా సన్నగా జుమ్మనేది. కొన్నాళ్లకు ఆ కొమ్మకు మాత్రం శనగగింజంత కాయలు కట్టాయి. లోపల ఒక్కటీ లేదు.

"అత్తా, బయటున్న కొమ్మే కాసింది, చూడు."

"దిష్టంతా దాని మీదికి పోవాలని దేవుడే బయటికి తోశాడు."

"దిష్టి తగిలినది కాసి, తగలనివి రాలుతున్నాయేంటి మరి?"

"నాతో వకీలు మాటలొద్దు. ఆ తెర తీసిన రోజు నా పెరట్లో ఉండకు."

ఎక్కడికి పోవాలో నికనోరాకు తెలియదు. తెలియదన్న సంగతి అత్తకు తెలుసు.

ఆదివారం అత్త చర్చిలో పూజకు వెళ్లగానే నికనోరా కత్తెర తీసుకుంది. ఇంటివైపు తెరను ముట్టుకోలేదు. గోడవైపు, అత్తకు కనబడని వైపు, నిలువునా కత్తిరించి పక్కకు చుట్టేసింది. గాలీ తేనెటీగలూ అటునుంచి వచ్చాయి. రోజూ పూలమీద తడి ఆరాక, పురుగులు దులుపుతున్నానని చెప్పి తేనెటీగ వణికించినట్టు ఒక్కో గుత్తినీ వేలితో తట్టేది. అత్త ఇచ్చిన కోడిపెంట బొప్పాయి చెట్టుకు చేరేది. పడమటి వైపు తాటాకులు కట్టింది. చూపు ఆగుతుందని ముసలావిడ సంతోషించింది, ఎండ ఆగుతుందని నికనోరా.

ఏప్రిల్‌లో కాయలు నిలిచాయి. హెర్మెలిందా పొరుగింటి ఫెలిసియానాను గోడ దగ్గరికి పిలిచి మరీ చెప్పింది.

"చూశావా నా తెర మహిమ?"

"మాకూ ఒకటి కుట్టిపెట్టవే, నికా," అంది ఫెలిసియానా.

"మిషను రానీ, అక్కా," అంది నికనోరా. అంతకు మించి నోరు తెరిస్తే పడుకునే ఉయ్యాల పోతుంది.

నెలాఖరుకు రాత్రుళ్లు కూడా చల్లబడటం మానేశాయి. తెర, గాలి, తేనెటీగలు, నీళ్లు, దేనికీ లొంగని వేడి అది. కొత్త పూత మళ్లీ రాలింది. అప్పటికే నిలిచినవి మాత్రం పండాయి. మొత్తం ఇరవై అయిదు కిలోలు. గస్పార్ తూచాడు, ఒక కాయ కొరికి చూశాడు.

"బాగున్నాయి. ఇంకెన్ని?"

"ఇంతే. మిషను ఇవ్వండి దోన్ గస్పార్, మిగతాది కుట్టి తీరుస్తాను."

"తాకట్టు తాకట్టేనమ్మా. చెట్టు సగం కాసిందని మిషను సగం కోసి ఇవ్వలేను కదా."

జూన్‌లో వానలు పడ్డాయి, సంతలోకి బయటి టమాటా దిగింది, ధర పడిపోయింది. ఇక కాయలు వద్దు, డబ్బే కావాలన్నాడు గస్పార్. నికనోరా ఆయనకు ఇంకా పదకొండు వందల యాభై పెసోలు ఇవ్వాలి.