ఉప్పు దారిలో సిపాయిల రాయి

అసిరయ్య సుత్తి మోగుతున్నంతసేపు మా ఊరి కుక్కలు మొరిగేవి కావంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి. ఆ టకటకకు అవి నిద్రపోవడం నేను కళ్ళారా చూశాను.

నౌపడ స్టేషనుకూ ఉప్పు మళ్ళకూ మధ్యనున్న ఆ ఊళ్ళో రోళ్ళూ తిరగళ్ళూ చేసేవాడు అతనొక్కడే. అరిగిన తిరగలికి గంట్లు పెట్టాలన్నా అతనే దిక్కు. కొత్త రాయి ఎవరైనా తెస్తే ఒక్క దెబ్బ కొట్టి, చెవి ఆనించి వినేవాడు. గంటలా మోగితే మంచి రాయి. మూలిగితే లోపల పగులున్నట్టు. "ఇది ఏడస్తన్నాది, అట్టుకుపోండి" అని పంపేసేవాడు. మనుషుల్ని కూడా అలాగే పరీక్షిస్తాడేమోనని నాకు అనుమానం. నేను గొప్పలు చెప్పినప్పుడల్లా తల పక్కకు వంచి వినేవాడు.

అతనికి చదువు రాదు. రాతి మీద మనం సుద్దముక్కతో ఏది రాస్తే అది పొల్లు పోకుండా చెక్కేవాడు. నేనప్పుడు ఆ ఊరి పంచాయతీలో గుమాస్తాను. విశాఖపట్నం కాన్వెంటులో సిస్టర్ల దగ్గర ఇంగ్లీషు నేర్చుకున్న పాపానికి, పైనుంచి ఏ కాగితం వచ్చినా చదివి అర్థం చెప్పే పని నా నెత్తిన పడింది.

అరవై అయిదు యుద్ధంలో మా ఊరి కుర్రాళ్ళిద్దరు పంజాబు సరిహద్దులో ఒకే వారంలో చనిపోయారు. ఒకడు బుల్లమ్మ కొడుకు సూరయ్య. రెండోవాడు దానమ్మ కొడుకు యోహాను. తల్లులిద్దరూ భర్తలు పోయినవాళ్ళు, ఉప్పు మళ్ళ నుంచి స్టేషనుకు తట్టలు మోసి బతికేవాళ్ళు. దానమ్మ అసిరయ్యకు సొంత అక్క, మా వైపు మాటలో అప్ప. పెళ్ళయ్యాక భర్తతో కలిసి క్రైస్తవంలో చేరింది. అసిరయ్య మాత్రం ఏటా అసిరితల్లికి కోడిని కోస్తూనే, యోహానుకు మేనమామ చేయవలసినవన్నీ చేశాడు. వాడు పటాలానికి వెళ్ళిన రోజు రైలు దాకా ట్రంకుపెట్టె మోసింది అతనే. యుద్ధం అయ్యాక శవాలు రాలేదు, రెండు టెలిగ్రాములు వచ్చాయి. వాటిని చదివి వినిపించింది నేనే. అంతకంటె చెప్పను.

అరవై ఏడు చివర్లో పంచాయతీ ప్రెసిడెంటు జగన్నాధంనాయుడుగారు, ఉప్పు దారి పక్కనున్న పంచాయతీ స్థలంలో ఇద్దరి పేర్లతో ఒక రాయి నిలబెడదామన్నారు. జనవరి ఇరవై ఆరుకు సిద్ధం కావాలి. అందరూ సరేనన్నారు. పైన ఏం చెక్కాలన్న దగ్గర పేచీ వచ్చింది.

"ఓంకారం ఎయ్యాల. ఏటీ నేకపోతే ఉట్టి రాయిలాగుంటాది" అన్నారు నాయుడుగారు.

"అయితే మా యోహాను పేరు మీద సిలవ ఎయ్యండి" అంది గుమ్మంలో నిలబడ్డ దానమ్మ.

"రెండూ ఏసేద్దుం" అన్నాడొక మెంబరు.

"ఏది పైన, ఏది కింద?" అన్నాడు రెండో మెంబరు.

ఆ ఒక్క ప్రశ్న మీద మూడు సమావేశాలూ పదకొండు డజన్ల గోలీసోడాలూ ఖర్చయ్యాయి. చివరకు కలెక్టరాఫీసుకు నేనే ఉత్తరం రాశాను. జవాబు వచ్చింది. స్థలం పంచాయతీది, డబ్బు జనం కట్టిన పన్నులది. ఏ ఒక్క మతాన్నీ పోషించడానికి జనం చేత పన్ను కట్టించరాదని రాజ్యాంగం ఇరవై ఏడో అధికరణం చెబుతోంది. కనుక రాతి మీద పేర్లు తప్ప ఏ మతం గుర్తూ ఉండరాదు. ఆ కాగితం సభలో చదువుతూ, రాజ్యాంగం నేనే రాసినంత గర్వపడ్డాను. నాయుడుగారు మీసం నలుపుకుని ఒప్పుకున్నారు. దానమ్మ కూడా ఒప్పుకుంది. "సిలవ నేకపోతే పోనీ. ఆడి పేరుంటే సాలు" అంది.

ఒప్పుకోనివాడు అసిరయ్య ఒక్కడే.

"గుమస్తాబావూ, బొమ్మ నేని రాయి నిలబెట్టకూడదు."

"ఏం?"

"బొమ్మ ఉంటే ఏ దేవుడో తెలుస్తాది, ఆ దేవుడి జనవే వస్తారు. బొమ్మ నేని రాయిని మనోలు ఊరికే ఉండనివ్వరు. ఎవులో ఒకలు పసుపెడతారు."

"ఇది ప్రభుత్వం రాయి అసిరయ్యా."

"ఆ సంగతి పసుపుకి తెలుస్తాదేటి?"

నేను నవ్వాను. సిస్టర్లు నాకు ఇంగ్లీషు నేర్పారు కానీ, మా పక్కవీధి సంగతులు వాళ్ళకు మాత్రం ఏం తెలుసు?

ఇరవై ఆరున జెండా ఎగరేసి, పిల్లలకు పిప్పరమెంటు బిళ్ళలు పంచాం. నిలువెత్తు నల్లరాయి, నున్నగా, రెండు పేర్లతో చక్కగా ఉంది. పదో రోజున బుల్లమ్మ దానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, మొదలు దగ్గర వేపరెమ్మ గుచ్చింది. ఆమె తప్పేమీ లేదు. మా వైపు పొలం గట్టున బొమ్మ లేని రాయి నిటారుగా నిలబడి ఉంటే అది అమ్మవారే. పైగా శవం చూడని కొడుక్కి ఎక్కడ దీపం పెట్టాలో తెలియక రెండేళ్ళు తిరిగిన మనిషి. మర్నాడు ఇంకొకామె కొబ్బరికాయ కొట్టింది. వారానికల్లా రాతికి ఎర్రచీర చుట్టారు. సిపాయిలమ్మ తల్లి అని పేరు కూడా వచ్చేసింది. నెల తిరక్కుండా ఆ తల్లి ఒక గొడ్డుగేదె చేత ఈనించింది, ఇల్లరికం అల్లుణ్ణి పనిలోకి పంపింది, టెక్కలి బస్సును వేళకు తెచ్చింది. మొదటి రెండూ విన్నవే. మూడోది నా కళ్ళతో చూశాను, అయినా ఇప్పటికీ నమ్మలేను.

పసుపు కింద పేర్లు మాత్రం కనబడ్డం మానేశాయి.

దానమ్మ ఆ దారిన రావడం మానుకుంది. నెత్తిన తట్టతో మడిగట్ల మీంచి చుట్టూ తిరిగి స్టేషనుకు పోయేది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అసిరయ్య పాకకు వచ్చింది. మా తిరగలి పని మీద నేనూ అక్కడే ఉన్నాను.

"తమ్ముడా, ఆ రాతి మీద మా గుంటడి పేరు తీసెయ్యి."

అసిరయ్య సుత్తి ఆగింది. "ఏటయినాదప్పా?"

"మొన్న కోడి రగతం పోసేరు. మొక్కుదునా, నాను నమ్ముకున్న దేవుడికి కానిపని. మొక్కకుండా పోదునా, కన్నకొడుకుని దాటుకుపోయినట్టుంటాది. ఎన్నాళ్ళని గట్లంట తిరగను?"

"మీ సర్చి సంగమోలు ఏటైనా అన్నారా?"

"ఎవులూ ఏటీ అన్నేదు. నాకే ఉండబట్టనేదు."

"పేరు తీసేస్తే ఆడింకెక్కడుంటాడప్పా?"

దానమ్మ కొంగు కొనను వేలికి చుట్టుకుంది. "ఈస్టరు లోపల తీసెయ్యి. నీ సేత్తోనే తియ్యి. ఇంకోలు ముట్టుకోకూడదు" అని వెళ్ళిపోయింది.

నేను ధైర్యం చెప్పబోయాను. నౌకరు చేత పసుపు కడిగిస్తానన్నాను. నోటీసు అంటిస్తానన్నాను.

"కడిగితే బుల్లమ్మ ఏడస్తాది. కడక్కపోతే మాయప్ప ఏడస్తాది. నీ కాయితంలో దీనికేటి రాసున్నాది బావూ?"



ఆ తర్వాత మూడు రోజులు అసిరయ్య ఉలి ముట్టలేదు. పొద్దున్నే పోయి ఉప్పు దారి పక్కన కూర్చుని, వచ్చేపోయే ఆడవాళ్ళను చూస్తూ ఉండేవాడు. తట్ట దింపుకుంటే మళ్ళీ ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి. అందుకని రెండు మైళ్ళూ ఎవరూ ఆగరు. బుల్లమ్మ రాతి ముందుకు వచ్చినా అంతే. ఒక చేత్తో తట్ట పట్టుకుని, రెండో చేత్తో దండం పెట్టి, మెడ వంచితే ఉప్పు ఒలికిపోతుందని మోకాళ్ళు మాత్రం వంచి వెళ్ళిపోయేది.

నాలుగో రోజున అసిరయ్య ముడులు వేసిన పురికొస ఒకటి పట్టుకుని పంచాయతీకి వచ్చాడు. అది ఆడవాళ్ళ భుజాల ఎత్తుకు కొలత.

"నాయుడుబావూ, రాయిని పడుకోబెడతాను. రెండు రాతికాళ్ళేసి, ఆటి మీద అడ్డంగా. తట్ట నెత్తి మీంచి దాని మీదకి జారుస్తారు, మళ్ళీ నెత్తికి జరుపుకుంటారు. ఎత్తడానికి ఇంకోలక్కర్నేదు. రోజూ తట్టలు దింపుకునే రాతికి ఎవులూ మొక్కరు."

"రోలుకి పసుపు రాస్తారు గదరా?" అన్నారు నాయుడుగారు.

"పెళ్ళికి రాస్తారు బావూ. మర్నాడు అందులోనే పచ్చడి నూరతారు."

నాయుడుగారు నా వైపు చూశారు. బరువులు దింపుకోవడాన్ని ఏ అధికరణమూ నిషేధించలేదని చెప్పాను.

"మరి బుల్లమ్మో? అమ్మోరిని పడుకోబెడతానంతే నిన్ను ఉప్పులో పాతెట్టెయ్యదా?" అన్నారాయన అసిరయ్యతో.

అసిరయ్య ఆ సాయంత్రమే బుల్లమ్మ ఇంటికి వెళ్ళాడు. సాక్షిగా నన్నూ లాక్కుపోయాడు. ఆమె చేపలు కడుగుతోంది. విషయం వినగానే కత్తిపీట పక్కకు జరిపి, అసిరయ్య వంశాన్ని తాతల దాకా తిట్టింది. అతను తల పక్కకు వంచి మొత్తం విన్నాడు.

"అయిపోయినాదా వదినా? ఒక్క మాట అడుగుతాను. సూరయ్య ఉన్నప్పుడు నీ నెత్తిన తట్ట సూస్తే ఏటి సేసేవోడు?"

"ఏటి సేస్తాడు. దారిలో ఎదురొచ్చి దింపీవోడు."

"ఇప్పుడు నిలబడి సూస్తన్నాడు."

 బుల్లమ్మ కత్తిపీట మళ్ళీ దగ్గరకు లాక్కుంది. "ఆ సీర మాత్రం నానే ఇప్పుతాను. నువ్వు ముట్టుకోకు" అంది.

రాతికాళ్ళు సిద్ధమయ్యాక, అన్నట్టే ఆమే వచ్చి ఎర్రచీర విప్పి, మడతపెట్టి తీసుకుపోయింది. పసుపు కూడా ఆమే కడిగింది. మిట్టమధ్యాహ్నం పన్నెండు మంది మోకులతో, గునపాలతో రాయిని దింపి, కాళ్ళ మీదకెత్తారు. పేర్లు ఆకాశం వైపు ఉండేలా పడుకోబెట్టాడు అసిరయ్య. ఎడమవైపు సూరయ్య, కుడివైపు యోహాను. ఈస్టరు ఇంకా మూడు రోజులుంది.

దానమ్మకు కబురు వెళ్ళింది. నెత్తిన తట్టతో, మొహం బిగించుకుని వచ్చింది. అసిరయ్య ఉలీ సుత్తీ చేతపట్టుకునే ఉన్నాడు.

"తీసెయ్యమంతే ఇప్పుడే తీసేస్తానప్పా. ముందు తట్ట దింపు."

ఆమె అనుమానంగా రాతి దగ్గరకు వచ్చింది. కొంచెం వంగితే తట్ట నెత్తి మీంచి దానంతటదే రాతి మీదకు జారింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు చూసుకుని, "ఇందులో మావోడిదేది బావూ?" అని నన్నడిగింది.

"నీ తట్ట కింద ఉన్నది."

ఆమె గబుక్కున తట్టను పక్కకు లాగింది. ఉప్పు పలుకులు దులిపి, ఆ అక్షరాల గాడుల్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చింది. తీసెయ్యమని అనలేదు.

ఈలోగా వెనక నుంచి బుల్లమ్మ వచ్చింది, ఆమె నెత్తినా తట్ట.

"ఒసే దానమ్మా, నీ తట్ట మా సూరి మీదెట్టీసినావేటే?"

"మావోడి మీదెట్టడానికి సెయ్యి రానేదే. మీవోడు లావుగుండీవోడు గదా, మోస్తాడునే."

"అయితే నాది మీవోడి మీదే ఎడతాను. సన్నమైతేనేటి, బస్తా ఎత్తడంలో మావోడికి తీసిపోడు" అని బుల్లమ్మ తన తట్టను యోహాను పేరు మీదకు జార్చింది.

అసిరయ్య ఉలిని సంచిలో వేసుకున్నాడు. ఆడవాళ్ళిద్దరూ రాతికి వీపులు ఆనించి తట్టల నీడలో నిలబడి, ఏదో చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజు నౌపడలో ఉప్పు వ్యాగను ఆ రెండు తట్టల కోసం చాలాసేపు కదల్లేదు.