గాజు వెనక మామగారి విజిల్

ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ మంచిది. గోరంత విషయం నా నోట్లో పడితే కొండంతై బయటికొస్తుంది. నిజంగానే కొండ దొరికితే దాని మీద ఒక కోట, కోటలో ఇద్దరు రాణులు కూడా చేరతారు. కాబట్టి కింద రాసిన కొలతలన్నీ మీరే కాస్త తగ్గించుకుని చదవండి. నా కుళ్లును మాత్రం తగ్గించకండి. అది ఉన్నది ఉన్నట్టే రాశాను.

మా మామగారు సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నల్గొండ పల్లె నుంచి వచ్చి, సైదాబాద్‌లో స్థిరపడి, ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసిన మనిషి. కొలువు అయిపోయాక అల్లుళ్లిద్దరినీ పిలిచి, గుర్తుగా ఉంచుకోమని పెద్దల్లుడికి ఇత్తడి బ్యాడ్జి, నాకు విజిల్ ఇచ్చారు. బ్యాడ్జి మీద నంబరుంది, హోదా ఉంది. విజిల్ మీద మామగారి పంటిగాట్లున్నాయి.

తోడల్లుడిది ఎల్‌బీ నగర్. వెంటనే ఆ బ్యాడ్జిని ఫ్రేము కట్టించి హాల్లో వేలాడదీశాడు. నల్లటి మఖ్మల్ మీద బ్యాడ్జి, చుట్టూ బంగారు రంగు చెక్క, పైన చిన్న దీపం. ఆ దీపం వెలుగులో చౌరస్తా దగ్గర విజయవాడ బస్సు కోసం నిలబడ్డవాళ్లు పేపరు చదువుకోవచ్చు. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని చాలాసేపు చూసి, "మంచిగ చేసినవ్ బిడ్డా" అన్నారు.

నా పెళ్లయిన నాటి నుంచి ఆయన నన్ను "మంచిగున్నవా" అని అడిగారే తప్ప, "మంచిగ చేసినవ్" అని ఒక్కసారీ అనలేదు. ఆ పూట పాయసంలో జీడిపప్పు నాకు గులకరాయిలా తగిలింది.

మెట్రోలో తిరిగొస్తుంటే మా ఆవిడ నా ముఖం చూసింది. "బ్యాడ్జి మీద ఏడుస్తున్నవా?"

"ఏడ్సుడేంది? కండ్లల్ల దీపం పడ్డది."

నాకు కావలసింది ఆ ఒక్క మాట. అది మామగారు మా హాల్లో నిలబడి అనాలి. అంతే.

మర్నాడే దిల్‌సుఖ్‌నగర్‌లో మా వెనక గల్లీలో పటాలు కట్టే దుకాణానికి వెళ్లాను. "ఎల్‌బీ నగర్‌ల ఒక బ్యాడ్జి ఫ్రేమున్నది. దానికంటె పెద్దది కావాలె" అన్నాను.

దుకాణదారు విజిల్‌ను అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "ఇది బొటనవేలంత లేదు గద సార్."

"విజిల్ సంగతి నీకెందుకు? ఫ్రేము సంగతి చూడు."

"ఎవరిది సార్?"

"మా మామది."

అతను గొంతు తగ్గించాడు. "ఎప్పుడు పోయిండు?"

"పోవుడేంది? పొద్దుగాల్నే ఫోన్ల మాట్లాడిండు."

"ఉన్నడా? గిట్ల అద్దాల పెట్టెల పెట్టేటియి పోయినోళ్లయే వస్తయ్ సార్. దండకు మేకు కొట్టాల్నేమో అనుకున్న."

"మేకొద్దు. రెండు దీపాలు పెట్టు."

తయారైన ఫ్రేమును ఆటోలో ఎక్కిస్తే డ్రైవరు దిగి పక్కన నడవాల్సి వచ్చింది. మెట్ల మలుపులో అది ఇరుక్కుంటే పై వాటావాళ్లు సాయంత్రం దాకా డాబా మీదే కాపురం పెట్టారు. గోడకు ఎక్కించి చూస్తే, అంత ఎర్ర మఖ్మల్ మధ్య విజిల్ మంద తప్పిన గొర్రెపిల్లలా ఉంది.

ఆదివారం మామగారిని భోజనానికి పిలిచాను. రెండు దీపాలూ వేశాను. ఆయన ఫ్రేము ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నారు. నా చెవులు చాటలంత అయ్యాయి.

"అల్లుడా."

"చెప్పు మామా."

"జర గా విజిల్ తియ్యి. ఒక్కసారి ఊదుతా."

"అద్దమున్నది మామా. ఎనక మేకులు కొట్టి, మొత్తం టేపేసి మూసేసిండు."

"ఎట్ల తీస్తవో తియ్యి. ఆడ బ్యాడ్జిని చూస్తే మొక్కబుద్ధయింది. దీన్ని చూస్తే ఊదబుద్ధయితున్నది."

ఫ్రేమును నేల మీద బోర్లా పడుకోబెట్టి ఒక్కో మేకూ పీకాను. మామగారు విజిల్‌ను చొక్కా అంచుతో తుడిచి, నోట్లో పెట్టుకుని ఊదారు. ఆ కూతకు మూసారాంబాగ్ వంతెన మీద ఆగి ఉన్న బస్సులన్నీ కదిలాయి. మళ్లీ ఊదారు. నవ్వారు. కొలువు అయిపోయిన తర్వాత నాన్న అట్ల నవ్వలేదని మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి ముక్కు తుడుచుకుంది.

భోజనం చేశాక, "ఇది నాతాన్నే ఉండనీ బిడ్డా" అని విజిల్‌ను జేబులో వేసుకున్నారు. మెట్లు దిగుతూ కూడా ఊదుతూనే ఉన్నారు. "మంచిగ చేసినవ్" అనలేదు. అనడానికి నోరు ఖాళీగా లేదు కదా.

తర్వాత తోడల్లుడు వచ్చాడు. ఖాళీ ఫ్రేమును చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. అతని ముఖం మాడిన పెనమైంది. "నన్ను ఒక్కనాడు గూడ బ్యాడ్జి తియ్యమని అడగలేదు తమ్మీ" అంటూ సోఫాలో కూలబడ్డాడు. అతని కుళ్లు వేడికి కప్పులో టీ మళ్లీ మరిగింది.

నేను పూర్తిగా కల్పించింది ఈ చివరి ముక్కే. విజిల్ నిజం, ఎర్ర మఖ్మల్ నిజం, ఆటో డ్రైవరు కూడా చాలామటుకు నిజమే. తోడల్లుడు కుళ్లుకోలేదు. నేను చెప్పిందంతా విని, "పోనీ తియ్, ముసలాయన సంబురపడ్డడు గద" అన్నాడు. వేలితో ఫ్రేము మీద కొట్టి చూసి, చెక్క మంచిదని మెచ్చుకుని, టీ తాగి వెళ్లిపోయాడు. ఆ మనిషికి కుళ్లు పుట్టదు. దానికి కూడా నాకు కుళ్లే.